మౌని ఎందుకు మీరంటాడు

ఆ వీధిలో బుడ్డోడు గారంటే యాభై దాటిన ఒక ఇల్లాలు. నవ్వితే నవ్వండి, ఆవిడ పనే అలాంటిది. కార్టూన్లలో మగపిల్లలకు గొంతిస్తుంది. చూస్తే బొద్దుగా ఉంటుంది, కళ్లజోడు, మెట్లెక్కితే మోకాళ్లు పట్టుకుంటుంది. మైకు ముందు నిలబడిందా, ఆ గొంతులోంచి గోడ దూకే పదేళ్ల వెధవ ఊడిపడతాడు. స్టూడియోలో ఎవరో సరదాకి పెట్టిన పేరు మెట్లు దిగి, బస్సెక్కి, ఇంటిదాకా వచ్చేసింది. ఇప్పుడు వాచ్‌మన్ కూడా బుడ్డోడు గారూ మీకు పార్సిలొచ్చిందండీ అంటాడు. మొగుడికి ఆ పేరు వింటే ఒళ్లు మంట. ఆవిడకి మాత్రం లోలోపల ముద్దే. ఇకనుంచి నేనూ బుడ్డోడనే అంటాను, ప్రతిసారీ గారు తగిలించడం నా వల్ల కాదు. బుడ్డోడు వచ్చింది, బుడ్డోడు అంది అని రాస్తే వ్యాకరణం నొచ్చుకుంటుందేమో, నొచ్చుకోనివ్వండి.

ఆవిడకి ఇంత పేరు తెచ్చిన సీరియల్లో ఇద్దరు కుర్రాళ్లున్నారు. కొండమీద ఒక బడి, అందులో కర్రతో పోట్లాడటం నేర్పుతారు. ఒకడు తారాజువ్వ, మన హీరో. అమ్మా నాన్నా లేరు, చేయి పట్టుకుని నేర్పినవాడు లేడు, నోరు మాత్రం మూతపడదు. ఓడిపోతే నేలమీద పడి అరుస్తాడు, గెలిస్తే గాల్లోకెగిరి అరుస్తాడు, ఏ పనీ లేకపోతే ఆకలేస్తోందని అరుస్తాడు. రెండోవాడు మౌని. గొప్పింటి పిల్లాడు, పేరున్న గురువు దగ్గర నేర్చుకున్నాడు, కర్ర తిప్పితే చప్పుడే ఉండదు. వారం మొత్తానికి నాలుగు ముక్కలు మాట్లాడితే గొప్ప. ఇద్దరికీ క్షణం పడదు. వాళ్లలో ఎవడు మొనగాడో తేలకుండానే ఏళ్లు గడిచిపోయాయి. చూసిన పిల్లలు పెద్దవాళ్లయి, వాళ్ల తమ్ముళ్లు చూడటం మొదలుపెట్టారు.

తారాజువ్వ గొంతు బుడ్డోడిది. మరి మౌని గొంతు ఎవరిదనుకున్నారు? ఆవిడ తోడికోడలిది. సొంత మరిది పెళ్లాం. ఒకే అంతస్తులో ఎదురెదురు వాటాలు, వంటిల్లు ఒక్కటే. ఇద్దరూ కలిసి వండుతారు, కలిసి బస్సెక్కుతారు, స్టూడియోలో కర్రలతో చావబాదుకుంటారు, మళ్లీ కలిసి బస్సెక్కి వచ్చి గిన్నెలు కడుక్కుంటారు. ఈవిడ ఆమెను చెల్లీ అంటుంది. ఆమె ఈవిణ్ణి అక్కా మీరు అంటుంది. ఇంత సఖ్యంగా ఉండే తోడికోడళ్లను చూడలేదని చుట్టాలందరూ చెప్పుకుంటారు. బుడ్డోడు ఆ మాట విన్నప్పుడల్లా కాస్త నిటారుగా కూర్చుంటుంది.

ఇంత చెప్పాక అసలు సంగతి దాచడం ఎందుకు. బుడ్డోడికి కడుపుమంటగా ఉండేది. సాయంత్రం కింద బండ్లు పెట్టుకునే చోట పిల్లలు చేరి అదే ఆట ఆడతారు, చీపురు కర్రలు పట్టుకుని. వంతులు వేసుకునేటప్పుడు బాల్కనీలో బట్టలు తీస్తున్నట్టు నటిస్తూ ఆవిడ చెవి అటే పడేసేది. మౌని ఎవరంటే అందరి చేతులూ లేస్తాయి. తారాజువ్వ ఎవరంటే అందరూ చెప్పుల వంక చూసుకుంటారు. చివరికి ఆ వంతు పడ్డవాడు మొహం మాడ్చుకుని అరిచినట్టు రెండు అరుపులు అరిచి పడిపోతాడు. గొంతు చించుకునేది నేను, వేడినీళ్లు పుక్కిలించేది నేను, నాలుగు ముక్కలు మాట్లాడి ఊళ్లో పిల్లలందర్నీ ఎగరేసుకుపోయేది వాడూనా అని ఆవిడకి ఒకటే బాధ. బాధ ముదిరి ముదిరి చివరికి ఆరా తీయడంలోకి దిగింది. ఆ మౌనిలో ఏముంది, నా వాడిలో లేనిది? ఇది తెలిసేదాకా ఆవిడకి అన్నం సహించేలా లేదు.

మొదట మొగుణ్ణి అడిగింది. ఇద్దరూ కొట్టుకునేవాళ్లే కదే, తేడా ఏముంది అని ఆయన పేపరు తిరగేశాడు. ఆయన్ని అడగడం తనదే బుద్ధితక్కువ అనుకుంది. ఇస్త్రీ బండి ఆయన్ని అడిగితే, ఆయన తారాజువ్వ పక్షమే అన్నాడు. ఆవిడ మొహం వెలిగిపోయేలోపు, వాడికి బట్టలు నలిగినా పట్టింపు లేదండీ, ఆ మౌని చూడండి, ఎప్పుడూ కడక్‌గా ఉంటాడు, మా వ్యాపారానికి వాడే మంచోడు అని మాట మార్చేశాడు. గొంతు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడూ ఊరుకోలేదు. నోట్లో పుల్ల పెట్టకముందే ప్రశ్న అందించింది. డాక్టరమ్మ పుల్లతో నాలిక నొక్కిపట్టి తాపీగా చెప్పింది. తారాజువ్వకి ఏం కావాలో వాడే అరిచి అడుగుతాడు, అందరికీ తెలుసు, ఇంకేం ఉంది చూడ్డానికి? మౌనికి ఏం కావాలో ఎవరికీ తెలీదు. మా పిల్లలు టీవీకి మొహం ఆనించి చూసేది అందుకే. దీనికి బుడ్డోడి దగ్గర మంచి జవాబే ఉంది, కానీ నాలిక మీద పుల్ల ఉంది.

చివరికి పిల్లల్నే అడగాలని బిస్కెట్ల పొట్లం పట్టుకుని కిందికి దిగింది. వాళ్లు ఒక్కసారే చుట్టుముట్టి, మీరు తారాజువ్వ కదా, మీకు తెలుసుంటుంది, మౌని అలా ఎందుకంటాడు అని ఎదురు ప్రశ్న వేశారు. ఎలా అంటాడ్రా అంటే, మీరు అంటాడు కదా అన్నారు. మౌని అందర్నీ నువ్వంటాడు. బళ్లో పెద్దసార్ని కూడా నువ్వనే అంటాడు. ఒక్క తారాజువ్వనే, అదీ కొట్టబోయే ముందు, ముందు మీరు కొట్టండి అంటాడు. ఎందుకు? ఒకడు, తారాజువ్వ నిజానికి రాజుగారి కొడుకు, ఆ రహస్యం మౌని ఒక్కడికే తెలుసన్నాడు. ఇంకొకడు, అది వాడి స్టైల్ అన్నాడు. రెండు జడల పిల్ల ఒకతి మాత్రం తల అడ్డంగా ఊపి, కాదు, వాడికి చాలా కోపం అంది. మా అమ్మకి మామూలు కోపమొస్తే నన్ను కొడుతుంది, బాగా కోపమొస్తే తమరు లేస్తారా అంటుంది అని వివరం కూడా ఇచ్చింది. బుడ్డోడు పొట్ట పట్టుకుని నవ్వింది.

నవ్వదూ మరి. ఆ మీరు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడకి తెలుసు. సీరియల్ మొదలైన రోజున మౌనికి గొంతివ్వాల్సిన ఆర్టిస్టు రాలేదు. బుడ్డోడికి జలుబు చేసి ఉంటే, వేడినీళ్ల ఫ్లాస్కు పట్టుకుని తోడికోడలు వెంట వచ్చింది. ఖాళీగా కూర్చున్న మనిషిని చూసి అప్పటి డైరెక్టరు, ఆయన్ని అందరూ మాస్టారనేవాళ్లు, ఒక ముక్క చదివి చూడమ్మా అన్నాడు. ఆయనకొక అలవాటుంది. పోట్లాడే ఇద్దర్నీ ఒకే గదిలో, ఒకరి మొహం ఒకరికి కనపడేలా ఎదురెదురుగా నిలబెట్టేవాడు. కాగితం మీద, ముందు నువ్వు కొట్టు, అని ఉంది. తోడికోడలు తలెత్తి చూసింది. ఎదురుగా ఎవరున్నారు? ఇంటి పెద్దకోడలు. కాపురానికి వచ్చిన రోజునే అత్తగారు, పెద్దకోడల్ని మీరనాలి అని చెప్పి ఉంచిన మనిషి. నాలిక దాని దారిన అది పోయింది. ముందు మీరు కొట్టండి, అంది.

గదంతా గొల్లుమంది. మాస్టారు మాత్రం నవ్వలేదు, తెరమీద బొమ్మ వెనక్కి తిప్పి చూశాడు. మౌని పెదాలు ఎక్కువసేపు కదులుతున్నాయి, వాటికి నువ్వు కొట్టు చాలట్లేదు, మీరు కొట్టండి అచ్చంగా సరిపోయింది. ఉంచేయండి అన్నాడు. అంతే, ఆ మాట ఉండిపోయింది. ఆ గొంతూ ఉండిపోయింది. అసలు సీరియల్ తయారైన భాషలో ఈ మీరూ నువ్వూ గొడవే లేదట, అక్కడి పిల్లలకి ఈ అనుమానమే రాదు. ఇక్కడ మాత్రం దానిమీద కొట్టుకు చస్తున్నారు. ఇంత పెద్ద రహస్యానికి వెనకాల ఉన్నది ఒక చిన్నకోడలి నోరు తిరగకపోవడమే అని బుడ్డోడు బస్సులో తలుచుకుని మళ్లీ నవ్వింది. పక్కన కూర్చున్న చెల్లికీ చెప్పింది. చెల్లి కూడా నవ్వింది, కానీ కిటికీ వైపు తిరిగి నవ్వింది.

ఆఖరి భాగం వచ్చేసరికి మాస్టారు పని మానేశాడు. ఆయన స్థానంలో కొత్తాయన వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు, అందర్నీ అమ్మా అంటాడు, కానీ అనుకున్నది చేయించేదాకా వదలడు. ఆఖరి పోట్లాటలో మౌని కర్ర విసిరేసి, ఇన్నేళ్లూ నోరు విప్పనివాడు విప్పుతాడు. మొహం ఎర్రగా, మెడనరాలు తేలి ఉన్నాయి బొమ్మలో. అక్కడ మీరు అంటే జనం నవ్వుతారమ్మా, నువ్వు అనాల్సిందే అని కొత్తాయన తేల్చేశాడు. తేల్చడమే కాదు, బయట బెంచీ మీద ఇంకో అమ్మాయిని తెచ్చి కూర్చోబెట్టాడు. మధ్యాహ్నం లోపల ఆ ముక్క రాకపోతే ఆఖరి భాగం మొత్తానికి మౌని గొంతు ఆ అమ్మాయిదే. దాచకుండా మొహం మీదే చెప్పాడు, అది ఆయన మంచితనమే అనుకోవాలి.

తోడికోడలు మైకు ముందు నిలబడింది. బుడ్డోడు ఎదురుగా నిలబడింది. బొమ్మ కదిలింది. "మీరు నన్నెప్పుడైనా" అంటూనే ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి, "నువ్వు నన్నెప్పుడైనా చూశారా" అంది. అద్దం అవతల సౌండ్ ఇంజనీరు నవ్వాపుకోలేక కుర్చీ తిప్పుకున్నాడు. తర్వాత నువ్వూ చూశావా రెండూ సరిగ్గానే వచ్చాయి, కానీ గొంతు ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్లిస్తున్నంత వినయంగా వచ్చింది. పిల్లి, ముసలాడు, దయ్యం, చంటిపిల్ల ఏడుపు, అన్నీ అలవోకగా చేసే మనిషి ఆమె. ఒక్క మాట దగ్గర ఇలా బిగుసుకుపోవడం చూస్తుంటే బుడ్డోడికి వింతగా ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఆ వింతలో ఒక మూల కాస్త చల్లగా కూడా ఉంది. వేరే అమ్మాయి వస్తే మౌని మోజు తగ్గుతుందేమో అన్న ఆలోచన ఒకటి తొంగిచూసింది. ఛీ అనుకుంది. రేపటినుంచి బస్సులో పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు అనుకుంటే ఆ చల్లదనం అక్కడికక్కడే పోయింది.

కాస్త ఆగుదాం బాబూ అని చెప్పి చెల్లిని వరండాలోకి తీసుకొచ్చింది. గ్లాసులో వేడినీళ్లు పోసిచ్చింది. ఎందుకు రావట్లేదే, నన్ను కాదుగా అనేది, తారాజువ్వని కదా అంది. కావాలంటే నన్నే అనుకుని తిట్టు, నేనేమీ అనుకోను అంది. చెల్లి గ్లాసు పక్కన పెట్టేసింది.

"మీ మొహం చూస్తూ రాదక్కా."

బుడ్డోడికి ఆ మాట తేనె పోసినట్టుంది. ఎంత గౌరవం, ఎంత అభిమానం, ఉద్యోగం పోతున్నా నోరు జారనివ్వట్లేదు పిచ్చిపిల్ల అని పొంగిపోయింది. సరే, అయితే నేను ఎదురుగా ఉండను అని, కొత్తాయన దగ్గరికి వెళ్లి విడివిడిగా తీసుకుందాం అని చెప్పింది. లోపల చెల్లి ఒక్కతే. అద్దం ఇవతల దీపం ఆర్పి, ఇంజనీరు కుర్చీ వెనకాల బుడ్డోడు నిలబడింది. ఇక్కణ్ణుంచి లోపలి మనిషి కనపడుతుంది, లోపలి మనిషికి ఇటు ఏమీ కనపడదు.

బొమ్మలో మౌని కర్ర విసిరేశాడు.

"నువ్వు నన్నెప్పుడైనా చూశావా? నీ పక్కనే ఉన్నాను. ఇన్నేళ్లూ నీ పక్కనే ఉన్నాను. నీ అరుపు తప్ప నీకేం వినపడింది? చెప్పు నువ్వు."

అరవలేదు. కాగితం మీద అరుస్తూ అని రాసి ఉంది, ఆమె అరవలేదు. పళ్ల మధ్యనుంచి ఒక్కొక్క మాటా తోసింది. నువ్వు అన్న చోటల్లా ఆమె కళ్లు ఎదురుగా ఖాళీగా ఉన్న మైకు దగ్గర, మనిషి ఉంటే మొహం ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడ ఆగాయి. ఇంజనీరు చెయ్యి మీట మీద అలాగే ఉండిపోయింది. కొత్తాయన గట్టిగా ఊపిరి వదిలి, అయిపోయిందమ్మా, ఇంకోటి అక్కర్లేదు అన్నాడు. బయట బెంచీ మీద అమ్మాయి ఆ మాట విని సంచీ సర్దుకుంది.

గొంతుల మీదే బతికిన మనిషి బుడ్డోడు. నటించే కోపం ఛాతీలోంచి వస్తుంది, అసలు కోపం ఇంకెక్కణ్ణుంచో వస్తుంది, ఆ తేడా ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ నువ్వు కొత్తది కాదు. బాగా వాడిన నువ్వు అది. లోపల ఎన్నో ఏళ్లుగా, గిన్నెలు తోముతూ, కూర తరుగుతూ, బస్సులో కిటికీ వైపు తిరిగి, రోజూ అనుకున్న నువ్వు. పైకి మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. పైకి వచ్చిందంతా మీరే. ఆవిడేమో ఆ మీరును చూసుకుని ఇన్నాళ్లూ నిటారుగా కూర్చుంది. ఆవిడకి సిగ్గేసింది, భయమేసింది, ఏడుపొచ్చింది. వీటన్నిటికంటే గట్టిగా, ఏం చేశాను నేను అని తెలుసుకోవాలనిపించింది.

తర్వాతది తారాజువ్వ జవాబు. ఆవిడ లోపలికి వెళ్లింది. చెల్లి హెడ్‌ఫోన్లు తీసి బయటికి పోబోతుంటే, ఉండు అన్నట్టు చెయ్యి చూపించింది. ఇద్దరూ మళ్లీ ఎదురెదురుగా నిలబడ్డారు. కాగితం మీద, అయినా గెలిచింది నేనే, అని ఉంది, పక్కన నవ్వుతూ అని. బొమ్మ కదిలింది. తారాజువ్వ నోరు తెరిచాడు. బుడ్డోడు కాగితం చూడలేదు.

"నాకు తెలీదు. చెప్పు, వింటాను."

కొత్తాయన వెంటనే ఆపేశాడు. అమ్మా అదెక్కడుంది, వాడు నవ్వాలి కదా అన్నాడు. ఇంజనీరు మాత్రం బొమ్మ వెనక్కి తిప్పి, ఈ ముక్కతో కలిపి మళ్లీ వేశాడు. పెదాలకి సరిపోయింది. నవ్వుతున్నట్టు గీసిన నోరే, ఈ మాటతో చూస్తే ఏడవబోతున్నట్టుంది. కొత్తాయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని కాసేపు చూశాడు. ఇంకోసారి వేయమన్నాడు. ఆ తర్వాతి మాటలు కొంచెం మార్చుకోవాలి అని తనలో తను గొణుక్కున్నాడు. ఉంచుదాం అన్నాడు.

బయటికొచ్చి ఇద్దరూ బస్టాపులో కూర్చున్నారు. రోజూ అయితే ఈ పాటికి బుడ్డోడు రాత్రికి ఏం వండాలో నిర్ణయించేసి ఉండేది. ఇవాళ నోరు మెదపలేదు. వాళ్ల బస్సు వచ్చింది, చెల్లి లేవబోయింది, ఈవిడ లేవకపోయేసరికి మళ్లీ కూర్చుంది. బస్సు వెళ్లిపోయింది.

"లోపల అడిగింది తారాజువ్వ కాదే," అంది బుడ్డోడు. "నేనే అడిగాను."

చెల్లి చేతిలో టికెట్ డబ్బులు సంచీలో వేసుకుంది. మొహం ఎత్తి ఈవిడ కళ్లలోకి చూసింది.

"ఆ రోజు పాటల టీచరు మనింటికొచ్చి, నన్ను బళ్లో పాటలు నేర్పడానికి రమ్మంది కదా. నన్ను అడిగింది ఆవిడ. నేను నీ వెనకే నిలబడి ఉన్నాను. మా ఇంట్లో కుదరదండీ అని జవాబు నువ్వెందుకు చెప్పావక్కా?"

"ఏ పాటల టీచరు?" అంది బుడ్డోడు.

అబద్ధం కాదు. నిజంగానే ఆవిడకి గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా ఒక తలుపు, ఒక మనిషి, ఏవీ తగల్లేదు. చెల్లి ఆ టీచరు చేతిలో ఉన్న గొడుగు రంగు దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.